మూడో అంకె

"కుర్చీ వీపు తువాలు ఆరేసుకోవడానికి కాదని పెళ్లయిన ఏడాదే చెప్పాను," అంది కోడలు.

"నేను ఆరెయ్యలేదు, వేశాను. ఆరెయ్యడమంటే దులిపి, కొసలు కలిపి, క్లిప్పు పెట్టాలి," అన్నాడు ఆమె భర్త, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఇంట్లో కూడా నిర్వచనాలు లేకుండా మాట్లాడడు.

"ఏ పేరు పెట్టినా నా వీపు తడుస్తోంది. ఆ కుర్చీలో నేను కూర్చోవాలి."

"బల్ల చుట్టూ ఆరు కుర్చీలున్నాయిగా."

"ప్లగ్గు ఒక్కటే ఉంది."

కిటికీ దగ్గర టీ తాగుతున్న అత్తగారు గ్లాసు దించింది. "తెల్లారీ తెల్లారకముందే తువాలు మీద పంచాయితీ ఏమిటర్రా? ఇలా పడెయ్యండి, నేను కప్పుకుంటాను."

ఎవరూ నవ్వలేదు. ఆయన పరీక్ష డ్యూటీకి వేళవుతోందని టిఫిను సగంలో వదిలేశాడు. వెళ్లొస్తానన్న మాట కూడా లేకుండా గేటు కాస్త గట్టిగానే వేసి వెళ్లిపోయాడు. కోడలు తువాలు తీసి దండెం మీద వేసి, కుర్చీ వీపు పొడిగుడ్డతో తుడిచి, లాప్‌టాప్ తెరిచింది.

ఆ భోజనాల బల్లే ఆమె ఆఫీసు. కాలేజీలో కంప్యూటర్లు చదివింది. ఉద్యోగం చెయ్యలేదు. ఇప్పుడు హాస్టల్లో చదువుకుంటున్న కూతురు చిన్నప్పుడు అంటుజ్వరంతో నెలరోజులు మంచాన పడితే, దానికి పొద్దుపోవడానికి చిన్న చిన్న కంప్యూటర్ ఆటలు రాసింది. ప్రతి ఆటలోనూ అవే పనులు మళ్లీ మళ్లీ రాయాల్సి వస్తోందని, వాటిని ఒకచోట చేర్చింది. అంకెను హద్దు దాటకుండా ఆపేది ఒకటి, పేకముక్కలు కలిపినట్టు జాబితాను కలిపేది ఒకటి, ఒక వస్తువును ఇంకో వస్తువు వైపు కొంచెం కొంచెంగా జరిపేది ఒకటి. ఆటలు రాసేవాళ్లు వాడే ఒక చిన్న భాషలో అవి నలభై ఒక్క ఫంక్షన్లు, అంటే పనిముట్లు, అయ్యాయి. ఎవరైనా ఉచితంగా వాడుకోండని ఆరేళ్ల కిందట నెట్‌లో పెట్టింది. పేర్లు మాత్రం తన మాటల్లోనే పెట్టుకుంది: హద్దు, కలుపు, దగ్గర. ఎక్కడెక్కడివాళ్లో, ఆ మాటలకు అర్థం తెలియకుండానే, వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి ఆటలు చేసుకుంటున్నారు. ఇలాంటి పనిముట్ల పెట్టెను లైబ్రరీ అంటారు. ఇప్పటికి పదకొండు వందల ఆటల్లో ఉంది ఆమె లైబ్రరీ.

"ఒక్క పుస్తకమైనా లేని లైబ్రరీ," అంటుంది అత్తగారు, వచ్చినవాళ్లందరితో.

ఆ పొద్దున ఆమెకు పని పెద్దగా లేదు. అసలు పని నిన్న సాయంత్రం అయిపోయింది. 'దగ్గర' అనే ఫంక్షన్‌లో తప్పుందని ఎవరో కాలేజీ విద్యార్థి రాశాడు. వస్తువు ఉన్న చోటు, చేరాల్సిన చోటు, ఒక్క అంగకు ఎంత జరగాలో చెబితే, ఆ అంగ వేశాక వస్తువు ఎక్కడుంటుందో చెప్పడం 'దగ్గర' పని. చివర్లో మిగిలిన దూరం అంగకన్నా తక్కువైతే సరిగ్గా గమ్యం మీదే దించాలి. ఆమె రాసినది దించకుండా, వెంట్రుకవాసి ముందే ఆగిపోయేది. కంటికి తెలిసేది కాదు. ఆరేళ్లుగా ఆ తప్పు తన పేరుమీద ఉందని తెలిసి ఆమెకు చెవులు వేడెక్కాయి. రెండు వరుసలు మార్చింది. ఫంక్షన్లు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూడటానికి తను రాసుకున్న రెండు వందల పన్నెండు పరీక్షలూ పెట్టి చూసింది. అన్నీ నెగ్గి పచ్చగా వచ్చాయి. నాలుగు, రెండు, ఆరు అన్న సంచిక సంఖ్యను నాలుగు, రెండు, ఏడు చేసి విడుదల చేసింది.

ఆ మూడంకెలకూ ఆ వృత్తిలో ఒక కట్టుబాటుంది. మొదటి అంకె మారితే, జాగ్రత్త, పాతవి పనిచెయ్యకపోవచ్చు అని. రెండోది మారితే కొత్తవేవో చేర్చారని. మూడోది మారితే చిన్న దిద్దుబాటే, కళ్లు మూసుకుని తీసుకోమని. చాలా కంప్యూటర్లు మూడో అంకె మారినప్పుడు ఎవరినీ అడగకుండా వాటంతటవే కొత్తది తెచ్చుకుంటాయి.

తొమ్మిదిన్నరకు ఆడపడుచు ఫోను చేసింది.

"వదినా, పడవ మాయమైపోతోంది."

ఆడపడుచుని ఇంట్లో అందరూ బుజ్జి అంటారు. ఆసుపత్రిలో, పక్షవాతం వచ్చి చేతులు పట్టు తప్పినవాళ్లకు వ్యాయామాలు చేయిస్తుంది. ఆ గదిలో ఒక ఆట ఉంది. మీట పట్టుకుని చెయ్యి కదిపితే తెరమీద పడవ కదులుతుంది. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు తీసుకెళ్లి, అక్కడ చెయ్యి కదపకుండా మూడు లెక్కపెట్టేంతసేపు ఉంచాలి. ఆ ఆట చేసినాయన తన వదిన లైబ్రరీయే వాడాడని తెలిసినప్పుడు బుజ్జి వీధి వీధంతా చెప్పుకుంది.

"మాయమవడమేమిటి? కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టావా?"

"మూడుసార్లు. అన్నీ ఉంటాయి. నది ఉంటుంది, చెట్లుంటాయి. పడవ ఉన్నట్టుండి ఉండదు, అంతే. వదినా, ఇవాళ టైలర్ గారి చెయ్యి ఎంత మెరుగైందో కొలుస్తారు. పదకొండున్నరకు పెద్ద డాక్టరమ్మ వస్తుంది, పన్నెండుకి వెళ్లిపోతుంది, మళ్లీ మూడువారాల దాకా రాదు. ఇవాళ కొలత రాయించకపోతే ఆయన వంతు జాబితాలో తర్వాతివాళ్లకు ఇచ్చేస్తారు."

టైలర్ గారి సంగతి ఆ ఇంట్లో ఆరువారాలుగా రోజూ భోజనాల దగ్గర వినబడుతూనే ఉంది. కుడిచెయ్యి పడిపోయినాయన. మొదటి రోజు మీట పట్టుకోలేక మొహం తిప్పుకున్నాడు. పోయినవారం పద్నాలుగు సార్లు పడవను దాటించాడు.

"ఆట చేసినాయనకు చెప్పావా?"

"విమానంలో ఉన్నాడట, సాయంత్రం దాకా దొరకడు. ఇటు చూస్తే టైలర్ గారు మీట ముట్టుకోనంటున్నాడు. తన చెయ్యే ఏదో చేసి పడవని ముంచేసిందంటాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు వదినా."

"బుజ్జీ, ఒక్కటి చెప్పు. పడవ ఎప్పుడు పోతోంది? చెయ్యి కదుపుతున్నప్పుడా, ఆపినప్పుడా?"

అవతల కాసేపు మాటలు, కుర్చీ జరిపిన చప్పుడు. "ఇప్పుడు నేను పట్టుకున్నా. కదుపుతుంటే ఉంది... కదుపుతున్నా... ఆపాను. పోయింది."

కోడలికి అర్థమైపోయింది. పడవ మొహం మీట చూపించే చోటువైపు తిప్పడానికి, ఆట చేసినాయన మిగిలిన దూరంతో భాగించి ఉంటాడు. అందరూ అలాగే చేస్తారు. చెయ్యి ఆగి, పడవ ఆ చోటు చేరి, దూరం సున్నా అయితే ఏమవుతుందో ఆయన ఆలోచించలేదు. ఆలోచించాల్సిన అవసరమూ రాలేదు, ఎందుకంటే ఆమె 'దగ్గర' ఆరేళ్లుగా ఎవరినీ గమ్యం చేరనివ్వలేదు. నిన్న సాయంత్రం నుంచి చేరనిస్తోంది. సున్నాని సున్నాతో భాగిస్తే ఆ భాష తప్పని అరవదు. అంకె కానిదొకటి చేతిలో పెట్టి ఊరుకుంటుంది. అంకె కాని చోట పడవ బొమ్మ గీయడం ఎవరి తరం?

"అది నా పనే బుజ్జీ," అంది. "పాతది వెనక్కి పెట్టేస్తాను. అరగంట. నేను చెప్పాక కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టు."

"పెన్‌డ్రైవ్‌లో పట్టుకొస్తావా?"

"మీ ఆసుపత్రి కంప్యూటర్లు పెన్‌డ్రైవ్ తీసుకోవుగా. నేను విడుదల చేస్తే అదే తెచ్చుకుంటుంది."

అరగంట అని ఎందుకన్నదో గానీ, నాలుగు నిమిషాలకే గోడ అడ్డొచ్చింది. విడుదల చేసే సైటు నెలకోసారి, నిజంగా మీరేనా అని ఫోనుకు ఆరంకెలు పంపిస్తుంది. ఆ నెల ఇవాళ తిరిగింది. ఆరేళ్ల కిందట ఖాతా తెరిచినప్పుడు ఆమెకు సొంత ఫోను లేదు, అందుకని భర్త నంబరు ఇచ్చింది. తర్వాత మార్చుకుందామనుకుని మార్చలేదు. ఒక్కో పరీక్షను రెండుసార్లు సరిచూసుకునే మనిషి, ఇది మాత్రం అలా వదిలేసింది.

ఆయన ఫోను మోగనే లేదు. పరీక్ష రోజుల్లో మాస్టార్ల ఫోన్లన్నీ హెడ్‌మిస్ట్రెస్ బీరువాలో ఉంటాయి.

లాప్‌టాప్ సంచీలో పెట్టి స్కూటర్ తాళాలు వెతుకుతుంటే అత్తగారు లేచి వచ్చింది. "మొహం అలా పాలిపోయిందేమిటి అమ్మాయ్? ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏమీ కాలేదు అత్తయ్యా. నేనే చేశాను."

"అయితే నెమ్మదిగా నడుపు," అంది అత్తగారు. ఇంకేమీ అడగలేదు.

స్కూలు గేటు దగ్గరికి వచ్చేసరికి పదిన్నర దాటింది. గుమాస్తా కిటికీలోంచి తల ఎత్తాడు. "పరీక్ష జరుగుతోందమ్మా. మాస్టార్ని పిలవడం కుదరదు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?"

అవునంటే పనయిపోతుంది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఆమె నోరు అబద్ధానికి అలవాటు పడినది కాదు. "లేదండీ. ఆసుపత్రిలో ఒకాయన పడవ మాయమైంది."

గుమాస్తా ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు. లోపలికి వెళ్లి హెడ్‌మిస్ట్రెస్‌ను వెంటబెట్టుకొచ్చాడు. ఈవిడ చెప్పేది మీరే వినండి అన్నట్టు పక్కకు జరిగాడు.

కోడలు రెండు నిమిషాల్లో చెప్పింది. సున్నా సంగతి చెప్పలేదు. చెయ్యి సంగతి చెప్పింది, పదకొండున్నర సంగతి చెప్పింది. హెడ్‌మిస్ట్రెస్ గోడ గడియారం వైపు చూసింది. పది నలభై ఆరు. బీరువా తెరిచింది. లోపల ఇరవై పైచిలుకు ఫోన్లు, ప్రతిదానికీ రబ్బరుబ్యాండుతో చీటీ. ఆయన ఫోను దొరికింది. ఆన్ చేస్తే తాళం అంకెలు అడిగింది.

"మీకు తెలియదా?" అంది హెడ్‌మిస్ట్రెస్.

"ఎప్పుడూ అడగలేదండీ."

హెడ్‌మిస్ట్రెస్ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, కళ్లజోడు సర్దుకుని, మెట్లెక్కి వెళ్లింది. హాల్లో మాస్టారి బదులు తనే నిలబడి ఆయన్ని కిందికి పంపింది.

ఆయన వరండాలో ఆమెను చూడగానే ఆగిపోయాడు. "తువాలు గొడవ తేల్చుకోవడానికి ఇంత దూరం వచ్చావా?"

"ఫోను తెరవండి. ఆరంకెలు వస్తాయి. చదవండి."

ఆమె గొంతు విని మరో మాట లేకుండా తెరిచాడు. ఆమె నీళ్ల కుళాయి పక్కన సిమెంటు అరుగు మీద కూర్చుని, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుంది. తన ఫోను హడావిడిలో ఇంట్లోనే మరిచిపోయింది కాబట్టి, ఆయన ఫోనులోంచే నెట్ కలిపింది. అంకెలు రావడానికి నిమిషంన్నర పట్టింది. ఆయన ఒక్కొక్కటిగా, బోర్డు మీద రాయించినట్టు చదివాడు. ఆమె తొందరలో మూడో అంకె తప్పు నొక్కింది. మళ్లీ అడిగింది. మళ్లీ వచ్చాయి. తలుపు తెరుచుకుంది.

"నేను వెళ్లనా?" అన్నాడు.

"వెళ్లండి. ఫోను ఉంచండి."

పాత రెండు వరుసలు వెనక్కి పెట్టింది. పరీక్షలన్నీ పెట్టి చూసింది. రెండు వందల పదకొండు పచ్చగా, ఒకటి ఎర్రగా వచ్చాయి. ఆ ఎర్రది, 'దగ్గర' సరిగ్గా గమ్యం చేరాలని నిన్న తనే రాసిన పరీక్ష. దాన్నిప్పుడు తిరగరాయాలి. చేరకూడదు, వెంట్రుకవాసి ముందే ఆగాలి, అని రాయాలి. తప్పును తప్పు అని తెలిసీ, ఇదే సరి అని తన చేత్తో రాయాలి. మార్పుల పట్టికలో ఆ విద్యార్థి పెట్టిన వ్యాఖ్య కనబడుతోంది: ఆరేళ్ల తప్పు సరిదిద్దినందుకు ధన్యవాదాలు. దాని కింద ముప్ఫై నలుగురి మెచ్చుకోళ్లు.

ఆట రాసినాయనదే అసలు పొరపాటు, సున్నాని చూసుకోవద్దా, అని ఒక గొంతు ఆమెలోపలే వాదించింది. న్యాయమైన వాదనే. పైన మేడమీద పిల్లల కలాలు కాగితాల మీద బరబరా నడుస్తున్న చప్పుడు. పదకొండూ తొమ్మిది.

పరీక్షను తిరగరాసింది. మార్పుల పట్టికలో ఇలా పెట్టింది: 'నాలుగు, రెండు, ఏడులో నేను దిద్దినది వెనక్కి తీసుకుంటున్నాను. దిద్దుబాటు సరైనదే. మూడో అంకె మార్చి పంపడం నా తప్పు.' నాలుగు, రెండు, ఎనిమిది విడుదలైంది.

"ఆపి మళ్లీ పెట్టు," అంది, ఆయన ఫోనులోంచే బుజ్జికి చేసి.

"ఆపాను... వస్తోంది..." అంది బుజ్జి. "నది వచ్చింది. పడవ వచ్చింది. కదుపుతున్నా. ఆపుతున్నా." ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం వినబడింది. "ఉంది! వదినా, ఉంది. కానీ ఈయన మీట పట్టుకోనంటున్నాడు. రాను, ఇంటికెళ్తానని చెప్పులు వేసుకుంటున్నాడు."

"ఫోను ఆయనకియ్యి."

"నువ్వేం మాట్లాడతావు?"

"ఇయ్యవే."

అవతల గరగరమన్న దగ్గు. "ఎవరండీ?"

"ఆ ఆటలో పడవని ఒడ్డుకి దగ్గర చేసేది నేనేనండీ. బుజ్జి వదినని."

"ఓహో. ముంచేశానమ్మా మీ పడవని."

"మీరు ముంచలేదు. నిన్న నేను అందులో ఒకటి మార్చాను. దానివల్ల, చెయ్యి వణుకుతున్నంతసేపూ పడవ కనబడుతుంది. చెయ్యి నిలకడగా ఆగగానే మాయమైపోతుంది. విన్నారా? మీ చెయ్యి కదలకుండా నిలబడింది కాబట్టే పడవ పోయింది. వణికుంటే పోయేది కాదు."

వెనకాల ఎవరో బండి తోసుకుపోతున్న చక్రాల చప్పుడు వినబడింది.

"అంటే బాగా పట్టుకుంటే పోతుందా?"

"పోయేది. ఇప్పుడు పోదు."

"ఇదెక్కడి విడ్డూరమమ్మా. మా షాపులో మిషను ఇలా చేస్తే కుట్టినవాణ్ణి తిట్టేవాణ్ణి."

"తిట్టండి. ముందు మీట పట్టుకుని, తర్వాత తిట్టండి."

ఆయన నవ్వాడో దగ్గాడో తెలియలేదు. "మీరెక్కడున్నారిప్పుడు?"

"బడిలో, కుళాయి పక్కన కూర్చున్నాను."

"ఏ తరగతి?" అన్నాడు టైలర్ గారు. ఫోను బుజ్జి చేతికి వెళ్లిపోయింది.

పదకొండున్నరకు కోడలు అరుగు మీదే ఉంది. పదకొండూ నలభై, యాభై. ఎండ అరుగు మీదికి జరిగితే ఆమె కూడా జరిగింది. బీరువాలోంచి తీసిన ఫోను ఒళ్లో ఉంది. దాని తెర ఆరిపోయినప్పుడల్లా వేలితో తట్టి వెలిగిస్తోంది. పన్నెండూ పదికి బుజ్జి సందేశం వచ్చింది. 'పదకొండు.'

పోయినవారం పద్నాలుగు. ఇవాళ ఇరవై దాటుతాడని బుజ్జి రాత్రి ధీమాగా చెప్పింది.

కోడలు ఫోను హెడ్‌మిస్ట్రెస్‌కు అప్పగించి దణ్ణం పెట్టింది. "మీ పడవ దొరికిందా?" అని గుమాస్తా గేటు దాకా వచ్చి అడిగాడు.

"దొరికిందండీ."

"మరి మొహం అలా ఉందేం?"

కోడలు స్కూటర్ తీసింది.

రెండున్నరకు అందరూ భోజనాల బల్ల దగ్గర చేరారు. ఆయనకు ఒక పూటే డ్యూటీ, శనివారం కాబట్టి బుజ్జికీ ఒక పూటే. లాప్‌టాప్ కిటికీ గట్టుమీదికి పోయింది. పళ్లేలు వచ్చాయి. బుజ్జి చెయ్యి కడుక్కోకముందే చెప్పడం మొదలుపెట్టింది.

"ఇంకో ఆరువారాలు ఇప్పిస్తారనుకున్నాను. డాక్టరమ్మ మూడే రాసింది. పద్నాలుగు నుంచి పదకొండుకు దిగాడు కదా, మెరుగు ఆగిపోయినట్టుందట. ఇవాళ పొద్దున ఇలా జరిగిందండీ, భయపడిపోయాడండీ అని చెప్పాను. కాగితం మీద అంకె అంకేనంది."

"మూడువారాల తర్వాత?" అన్నాడు ఆయన.

"మళ్లీ కొలత. అప్పుడూ ఇలాగే ఉంటే వేరేవాళ్లకు ఇచ్చేస్తారు."

అత్తగారు కోడలి పళ్లెంలోకి చూసింది. పెట్టింది పెట్టినట్టే ఉంది. "తిను అమ్మాయ్. పొరపాట్లు చెయ్యనివాళ్లెవరు? సరిచేశావుగా."

"సరి చెయ్యబోయే కదా అత్తయ్యా ఇదంతా."

"నీ పొరపాటు కాదని ఆ ఆటాయన కూడా ఒప్పుకుంటాడులే," అన్నాడు ఆయన. "సున్నాతో భాగించడం ఆరోతరగతి పిల్లవాడికి కూడా..."

"ఆయన తప్పు ఆయన చూసుకుంటాడు. మూడు దాటింపులు తగ్గించింది నేను." ఆమె నీళ్ల గ్లాసు పక్కకు జరిపింది. "ఆరేళ్లుగా నలభై ఒక్క పనిముట్లు చేసి జనం మీదికి వదిలాను. వాటిని ఎవరైనా చేత్తో పట్టుకోవడం నేను ఒక్కరోజు కూడా చూడలేదు. పరీక్షలు పచ్చగా వస్తే చాలనుకున్నాను."

బుజ్జి గరిటె పట్టుకుని వదిన మొహంలోకి చూసింది.

"సోమవారం నుంచి మూడువారాలు, రోజూ పది నుంచి పన్నెండు దాకా నేను ఆ గదిలో ఉంటాను. బుజ్జీ, నీకు అడ్డం రాను. ఓ మూల కూర్చుంటాను. ఆ మూడువారాలూ లైబ్రరీలో ఒక్క అక్షరం ముట్టుకోను. 'దగ్గర' ఇక ఎప్పటికీ అలా తప్పుగానే ఉంటుంది, నేను పోయాక కూడా. సరిగ్గా చేరేది ఎవరికైనా కావాలంటే, వేరే పేరుతో కొత్తది రాస్తాను. అదీ ముందు ఆ గదిలో ఎవరో ఒకరు పట్టుకుని చూశాకే."

"వంటో?" అంది అత్తగారు.

"పదింటికల్లా నా వంతు చేసి వెళ్తాను. మిగిలింది మీ అబ్బాయి చేస్తాడు. ఇవాళ్టితో పరీక్షలయిపోయాయి, సోమవారం నుంచి ఆయనకు సెలవులే."

"నన్నెవరూ అడగలేదే!" అన్నాడు ఆయన.

"అడగడం లేదండీ," అంది కోడలు, మొదటి ముద్ద కలుపుకుంటూ. "చెబుతున్నాను."